నార్సిసస్‌కి దిష్టి

నన్నడిగితే ఆ గ్రీకు దేవతలకి పనీపాటా లేదు. నార్సిసస్ అని ఒక అందగాడు ఉండేవాడట. ప్రేమించామంటూ వెంటపడ్డ వాళ్ళందరినీ పొమ్మన్నాడట. దాంతో దేవతలకి కోపమొచ్చి, వాడు తన ముఖాన్ని తానే ప్రేమించి నాశనమయ్యేలా శపించారట. వాడు కొలనులో తన ప్రతిబింబం చూసుకుని, గట్టు మీద నుంచి కదల్లేక, చిక్కి శల్యమై అక్కడే చచ్చిపోయాడు. ఏం, తన ముఖం తాను చూసుకుంటే వీళ్ళ సొమ్మేం పోయింది? ఇంట్లో పెద్దదిక్కు ఒకరుండి ఇంత దిష్టి తీసి పారేసి ఉంటే బతికి బట్టకట్టేవాడు.

ఈ మాటే మా స్నేహితురాలి కూతురు అవనితో అన్నాను, వాళ్ళ స్కూల్లో నాటకం వేసిన రోజు. అది నవ్వలేదు.

అమెరికాలో మా ఊరు బాతెల్‌లో తెలుగు పిల్లల డాన్సులకి మేకప్ వేసేది నేనే. వారమంతా ల్యాబ్‌లో ఉద్యోగం, వీకెండ్ వస్తే అందరికీ చరిత ఆంటీని. అవనికి ఇప్పుడు పదిహేనేళ్ళు. మొదటిసారి గజ్జె కట్టిన నాటి నుంచీ నేను దిద్దిన ముఖమే అది. మిడిల్ స్కూల్లో ఉండగా ఎడమ కన్ను చుట్టూ, పెదవి చివరా తెల్ల మచ్చలు మొదలయ్యాయి. ఆ ముఖానికే స్కూల్లో నార్సిసస్ వేషం ఇచ్చారు. ఇచ్చారనేమిటి, ఆడిషన్‌కి వెళ్ళి గెలుచుకుంది.

గ్రీన్ రూమ్‌లో వాళ్ళమ్మ రాగిణి నా నెత్తిమీద నిలబడింది.

“థిక్‌గా వెయ్యవే చరితా. ఒక్క స్పాట్ కూడా కనిపించకూడదు. వీడియో మా అత్తగారికి పంపాలి. వాళ్ళకింకా చెప్పలేదు.”

“ఇన్నేళ్ళ నుంచీ వీడియో కాల్స్‌లో చూడలేదా ఆవిడ?”

“అవని హోంవర్క్ చేసుకుంటోందని చెప్తాను.”

నాకు ఒళ్ళు మండింది. అయినా కన్నతల్లి కదా అని నోరు మూసుకుని పూశాను. ఇంతలో అవని చెల్లెలు నైనిక కొత్త గౌను వేసుకుని గంతులేసుకుంటూ వచ్చింది. రాగిణి మురిసిపోయి, దాని బుగ్గల మీదుగా రెండు చేతులూ తిప్పి, తన కణతలకి ఆనించుకుని పటపటా మెటికలు విరిచింది. “నా దిష్టే తగిలేలా ఉందమ్మా నీకు,” అంటూ దాన్ని తీసుకుని సీట్లు చూసుకోవడానికి వెళ్ళిపోయింది.

అవని అదంతా అద్దంలో చూస్తూనే ఉంది.

“అమ్మ నాకు అది చెయ్యదు ఆంటీ,” అంది.

“ఏది?”

వేళ్ళు కణతలకి ఆనించి చూపించింది. “ఇది. స్పాట్స్ వచ్చాక వన్స్ కూడా చెయ్యలేదు. దిష్టి అంటే బ్యూటిఫుల్‌గా ఉన్నవాళ్ళకే కదా తగిలేది.”

“ఇటు తిరుగు, నేను తీస్తాను,” అన్నాను.

“దిష్టి వద్దు. మేకప్ తీసెయ్యండి.”

“మీ అమ్మ నన్ను బతకనివ్వదే.”

“నార్సిసస్ తన ఫేస్ చూసుకుని లవ్‌లో పడాలి ఆంటీ. ఇది నా ఫేస్ కాదు. ఇది పెట్టుకుని నేను ఎవర్ని చూడాలి?”

తడి గుడ్డ తీసుకుని శుభ్రంగా తుడిచేశాను. కంటికి కాటుక మాత్రం పెట్టాను.

నేను వెళ్ళి రాగిణి పక్కన కూర్చున్నాను. తెర లేచింది. కూతురి ముఖం మీద లైటు పడగానే రాగిణి ఫోను ఎత్తి పట్టుకునే నా వైపు తిరిగింది.

“వెయ్యలేదా నువ్వు?”

“వేశాను. తీసేశాను.”

“ఎవర్నడిగి తీశావు?”

“ముఖం ఎవరిదో వాళ్ళనడిగి.”

ఇంటికెళ్ళాక నాకు ఎన్ని తిట్లుంటాయో దాని చూపులోనే తెలిసిపోయింది. తిట్టుకోనీ అనుకున్నాను.

స్టేజి మధ్యలో నీలం గుడ్డ పరిచి, నిలువుటద్దం ఒకటి ఏటవాలుగా పెట్టారు. అదే కొలను. అవని దాని ముందు మోకాళ్ళ మీద కూర్చుని, అద్దంలోకి చూసి, ఇంగ్లీషులో “ఎంత అందంగా ఉన్నావు నువ్వు” అంది. నాటకం ప్రకారం అక్కడ నీరసంగా వాలిపోవాలి. అది వాలలేదు. అద్దంలో ఉన్న బుగ్గల మీదుగా, ఆ మచ్చల మీదుగా, రెండు చేతులూ నెమ్మదిగా తిప్పింది. తన కణతలకి ఆనించుకుని మెటికలు విరిచింది. ఆ చప్పుడు మైకులో హాలంతా వినిపించింది. నా ముందు వరసలోని అమెరికన్ దంపతులు అదేదో గ్రీకు ఆచారం అనుకున్నట్టున్నారు, భక్తిగా చూశారు. నాకు మాత్రం ఏడుపు ఆగలేదు.

రాగిణి ఫోను దించలేదు, రికార్డింగ్ ఆపలేదు.

నాటకం అయ్యాక లాబీలో అవని ఎదురొచ్చింది. రాగిణి రెండు చేతులూ కూతురి బుగ్గల వైపు చాచింది. అవని ఆ మణికట్లు పట్టుకుని ఆపేసింది.

“ఫస్ట్ ఆ వీడియో నానమ్మకి పంపు. దెన్ తియ్యి దిష్టి.”

“ఇంటికెళ్ళాక పంపుతాను నాన్నా.”

“నో. ఇప్పుడే.”

చుట్టూ జనం. రాగిణి నా వైపు చూసింది, సాయం చెయ్యమన్నట్టు. నేను కదల్లేదు. చివరికి రాగిణే ఫోను తీసి, కళ్ళు తుడుచుకుని, అక్కడే నిలబడి పంపింది. పంపినట్టు స్క్రీన్ మీద చూసుకున్నాకే అవని తన ముఖం ముందుకు పెట్టింది.