పన్నెండు ఖాళీలు

ముప్ఫయ్యొక్క ఏళ్ళయినా ఆ గొడుగు ఇంకా ఆ రైల్లోనే ఉందా, దాన్ని ఇంకా ఎవరూ దింపుకోలేదా అనుకుంటూ మంచం మీద ఒత్తిగిలాను, ముందు గదిలో మా అమ్మాయి సీతాలు ట్యూషన్ పిల్లలకి ఆ పాఠమే చదువుతోంది, నిజాయితీ గల ఒక మనిషికి రైల్లో గొడుగు దొరికింది, ఆ గొడుగు ఒక దొరది, ఇంగ్లీషులో చదువుతూ మధ్యమధ్య ఆగుతోంది, ఆగిన చోటల్లా పిల్లలు ఎ అనాలో ఏన్ అనాలో ది అనాలో చెప్పాలి, ఆ ఆగే చోట్లు నాకు తెలుసు, ప్రెస్సులో ప్రశ్నపత్రం అచ్చు కట్టేటప్పుడు అక్కడ ఖాళీ గీత పడేలా ఇత్తడి రూళ్ళు పెట్టింది నేనే, ఖాళీకి ఒక రూలు, మొత్తం పన్నెండు, ఈ చేతులతోనే, ఇప్పుడీ చేతులు దుప్పటి అంచు కూడా సరిగ్గా పట్టుకోవు, రేపు పొద్దున పెద్దాసుపత్రిలో చేర్చుకుంటారు, కడుపులో గడ్డ కోసి తీస్తారట, తీశాక లేస్తానో లేదో డాక్టరు చెప్పలేదు, నేనూ అడగలేదు, కాని వెళ్ళేలోగా సీతాలుతో ఒక మాట చెప్పాలి, పొద్దున కాఫీ ఇచ్చినప్పుడు నీతో ఒకటి సెప్పాలమ్మీ అన్నాను, సాయంత్రం పిల్లలెల్లిపోయాక సెప్పయ్యా అంది, చెప్పాల్సింది ఇంతే, ఆ టెస్టు పరీక్షలో నువ్వు తప్పింది నా మూలానే అని, ఇంత చిన్న మాట, ఇన్నేళ్ళుగా గొంతు దాటలేదు.

బయట ఆటో ఒకటి హారన్ కొట్టి ఆగింది, సాయంత్రం నాలుగైతే బరంపురంలో మా లంజిపల్లి సందులో స్కూటర్లూ ఆటోలూ ఒకదాన్నొకటి తోసుకుంటాయి, ఆ చప్పుడుకి సీతాలు గొంతు పెంచింది, ఏటంటే, సూడండి, ఒడియాలో గొటియె పిలా అంటాం కాదా, ఎవరో ఒక పిల్ల, ఎవరైనా సరే, అది ఎ, మరి పిలాటి అన్నామనుకో, ఇందాక మనం సెప్పుకున్న పిల్లే, ఇంకో పిల్ల కాదు, అది ది, ఈ తేడా తెలుగులో ఎతికితే దొరకదు, ఒడియాలో ఎతకండి, ఒక ఆడపిల్ల అడిగింది, సూర్యుడి గురించి ఇందాక మనమేటీ సెప్పుకోనేదు గదా మేడమ్, మరి ఆడి ముందర ది ఎందుకు, సీతాలు అంది, ఆడొక్కడే గదే, ఇంకోడున్నాడేటి మీ ఈదిలో, పిల్లలు నవ్వారు, నాకూ నవ్వొచ్చింది, నవ్వితే గడ్డ నొక్కింది, ఎంత తేలిగ్గా చెప్పేసింది, ఇదే సంగతి నేను ఒకసారి ప్రెస్సులో ప్రూఫులు దిద్దే ధర్మలింగం మేష్టార్ని అడిగాను, నేను అడగడమే వింత, ఆయన కళ్ళజోడు తీసి నాకేసి చూశాడు, ఏటి మేష్టారూ, రోజుకి రెండొందలసార్లు ఈ మూడక్షరాలూ ఏరుతున్నాను, వీటికి అర్థం ఏటి, అంటే ఆయన, అర్థం అడక్కు నీలకంఠం, అది కూరలో ఉప్పునాటిది, ఎక్కువైనా తెలుస్తాది, తక్కువైనా తెలుస్తాది, సరిపోతే మాత్రం ఉందని ఎవులికీ తెలీదు, అన్నాడు, పోయాడు ఆయన, ప్రెస్సూ పోయింది, ఆ చోట ఇప్పుడు జిరాక్సు మిషను తిరుగుతోందట.

నేను తెలుగు బడిలో మూడో తరగతి దాకా చదివాను, అంతే చదువు, తర్వాత చేతికి అచ్చు అక్షరాల సీసం అంటింది, గళ్ళు గళ్ళుగా ఉండే చెక్క కేసు ముందు నిలబడి నలభై ఏళ్ళు అక్షరాలు ఏరాను, ఇంగ్లీషు అక్షరం ఏ గడిలో ఉంటుందో కళ్ళు మూసుకున్నా చెయ్యి వెళ్ళిపోతుంది, ఎ కింది వరసలో కుడి పక్కన, ఎన్ దాని పై వరసలో కాస్త ఎడమగా, ఇ గడి అన్నిటికన్నా పెద్దది, ఎంత పోసినా సాయంత్రానికి అడుగంటేది, అక్షరాలు తెలుసు, అవన్నీ కలిసి ఏం చెప్తున్నాయో తెలియదు, అందుకే ప్రెస్సు షావుకారు సింహాచలం గారు పరీక్ష ప్రశ్నపత్రాలు నా చేతే కట్టించేవారు, పట్నంలో కొన్ని స్కూళ్ళు కలిసి పెట్టుకునే టెస్టు పరీక్ష అది, అందులో తప్పితే మెట్రిక్‌కి పంపరు, ఈడి నోట్లో మాట నేదు, కంట్లో ఇంగ్లీషు నేదు, ఇలాటోడు బరంపురం మొత్తం ఎతికినా దొరకడు, అని ఆయన నా ఎదురుగానే అనేవారు, అది మెప్పో ఎగతాళో నాకు తెలిసేది కాదు, అయినా ఆయన నమ్మకం ఆయనది, ఏటా ఆ పని మొదలెట్టే రోజున కొబ్బరికాయ కొట్టించి, కన్నబిడ్డ తల మీద చెయ్యి పెట్టించి ఒట్టు వేయించేవారు, ఈ గది దాటి ఒక్క ముక్క బయటికి పోతే ఈ తలకి ఎలగ సెడుపో నీకు తెలుసు గదా నీలకంఠం అనేవారు, సీతాలు మధ్యాహ్నం నాకు అన్నం కేరేజీ తెచ్చేది, తెచ్చిన పిల్ల అక్కడే ఉండేది కాబట్టి పదేళ్ళప్పటి నుంచీ ఆ తల తనదే, నూనె రాసి నున్నగా దువ్వుకున్న తల వంచి నిలబడేది, నా వేళ్ళ మసి తన పాపిట్లో అంటుకునేది, నేను తింటూ ఉంటే తను కేసు దగ్గర నిలబడి గళ్ళు చూసేది, ఇదేటయ్యా, ఇది ఎ, మరిదేటి, అది ఎన్, బళ్ళో కంటే ముందు తనకు ఇంగ్లీషు అక్షరాలు వచ్చింది నా కేసులోనే, తను ఆ పరీక్ష రాయాల్సిన సంవత్సరం కూడా అలాగే తల వంచింది, నీ కూతురు ఏ తరగతి అని షావుకారు అడగలేదు, అడిగితే చెప్పేవాణ్ణి, అడగనిదానికి చెప్పడం నాకు ఎప్పుడు అలవాటు గనక.

ఆ ఏడు ఒట్టు వేసిన మర్నాటి సాయంత్రం, వానపడి వెలిసింది, దీపం అప్పుడే వెలిగించారు, నేను గోడకి చేరగిలి కూర్చున్నాను, ఎదురుగా సీతాలు, పొయ్యి దగ్గర మా ఆవిడ దేముడమ్మ, సీతాలు గైడు తెరిచి గొడుగు పాఠం చదవడం మొదలెట్టింది, ఆ పాఠమే పొద్దున ధర్మలింగం మేష్టారు ప్రూఫు దిద్దుతూ పైకి చదివాడు, ఆ ఖాళీలే నేను కట్టాను, వాటి జవాబుల కాగితం కూడా దిద్దేవాళ్ళ కోసం నేనే కట్టాను, ఒకటి దగ్గర ఎ ఎన్, రెండు దగ్గర ఎ ఎన్, మూడు దగ్గర మూడక్షరాలు, వరసంతా చేతికి గుర్తుంది, సీతాలు మొదటి ఖాళీకే తప్పు చెప్పింది, ఎ అంది, నోరు తెరవబోయాను, ఆ తల కనపడింది, పాపిట్లో మసి ఇంకా ఉంది, నోరు మూసుకున్నాను, తను నాకేసి చూసి ఆగింది, కాదేమో, ఏన్ అనాలేమో అని దిద్దుకుంది, రెండోదానికీ అంతే, మొదట తప్పు, నాకేసి చూపు, తర్వాత సరి, మూడు, నాలుగు, అయిదోదాని దగ్గర పుస్తకంలోంచి కళ్ళెత్తి నా ముఖం కాదు నా తొడ మీద చూసింది, చాలాసేపు చూసింది, పంచె మీద ఏం చూస్తోందో నాకు అర్థం కాలేదు, చటుక్కున గైడు మూసేసింది, ఏటే అప్పుడే అయిపోనాదా అని దేముడమ్మ పొయ్యి దగ్గర నుంచే అంది, ఈ పాఠం పరీక్షలో రాదులే అమ్మా అని సీతాలు చేటలో బియ్యం వేసుకుని రాళ్ళు ఏరడానికి కూర్చుంది, మర్నాటి నుంచి పక్కింటి అరుగు మీద చదువుకుంది, నా ఎదురుగా మళ్ళీ పుస్తకం తెరవలేదు, మసి చేతుల తండ్రంటే పెద్దదయ్యాక నామోషీ అయి ఉంటుందనుకున్నాను.

టెస్టు పరీక్ష మూడు మార్కుల్లో పోయింది, ఇంగ్లీషు ఒక్కటే పోయింది, పెద్ద టీచరమ్మ దేముడమ్మని పిలిచి కాగితం చూపించిందట, సూడమ్మా, ఈ పన్నెండు ఖాళీలూ ఖాళీగానే ఇడిసీసింది, కళ్ళు మూసుకుని ఏదో ఒకటి రాసినా నాలుగైనా తగిలీవి, రాయడానికి సేతులు రానేదా అని, మెట్రిక్‌కి పంపలేదు, నర్సు ట్రైనింగుకి పేరిద్దామనుకున్న కాగితం పెట్లోనే ఉండిపోయింది, మరుసటి ఏడు దేముడమ్మ మంచాన పడింది, వంటా మందులూ సీతాలువే, ఆ తర్వాత బస్సు కండక్టరుకిచ్చి పెళ్ళి చేశాం, అతనూ పోయాక ముప్ఫై అయిదో ఏట ఇంట్లో కూర్చునే చదివి మెట్రిక్ కట్టి పాసయింది, ఇప్పుడీ ట్యూషన్లు, తెల్లబట్టలేసుకుని ఆసుపత్రిలో తిరగాల్సిన పిల్ల, రేపు అదే ఆసుపత్రికి నన్ను తీసుకెళ్తుంది, వార్డు బయట బల్ల మీద కూర్చుంటుంది, ఒక్క మాట, ఆ సాయంత్రం ఆ పాఠం వస్తుందని నేను ఒక్క మాట చెప్పి ఉంటే, ఒట్టుకి భయపడ్డాను, బిడ్డ తల నిలబెట్టాననుకుని బిడ్డ బతుకు తీశాను, ఈ ముప్ఫయ్యొక్క ఏళ్ళూ నేను నమిలింది అదే.

ముందు గదిలో ఒక్కసారిగా గోల, ఇందాక సూర్యుడి గురించి అడిగిన పిల్లే, మేడమ్ మీరు సెప్పకపోయినా నాకు తెలిసిపోనాది, అక్కడ ఏన్, మీ ఏలు పుస్తకం మీద రెండుసార్లు కొట్టుకుంది, ఎ అయితే ఒకేసారి, ది అయితే మూడుసార్లు, ఇందాకట్నుంచీ సూస్తున్నాను, మిగతా పిల్లలు ఓహో అన్నారు, దొంగముండా నా ఏళ్ళు సదువుతున్నావేటే అని సీతాలు కూడా నవ్వింది, తలుపు తెర సందులోంచి తన చెయ్యి కనపడుతోంది, అట్ట మీద వేళ్ళు, నా వేళ్ళలాగే పొడుగ్గా, మా అయ్య పోలిక అంది, మా అయ్య నోరు తాళమేసినట్టుండీది గాని ఏళ్ళు ఊరుకునీవి కావు, ఎవులేటి సదివినా తొడ మీద అక్షరాలు ఏరుకుంటూ ఉండీవి, ఆయనకి ఆ సంగతి తెలీదు, ఇప్పటికీ తెలీదు, మరి మీరు కాపీ కొట్టీసేరా మేడమ్ అని ఆ పిల్ల, సీతాలు అట్ట మీంచి చెయ్యి తీసేసుకుంది, నేదే, ఒకపాలి సూసి పుస్తకం మూసీసేను, అందులో ఒట్టుందిలే, రాయండి రాయండి, ఏడో ఖాళీ.

ఏడో ఖాళీ అంటోంది, నేను నా కుడి చేతికేసి చూశాను, దుప్పటి మీద ఉంది, చూస్తూ ఉండగానే చూపుడు వేలూ బొటనవేలూ కలిసి కిందికి కుడివైపు, ఎ గడి ఉండే చోటికి వెళ్ళాయి, నేను పంపలేదు, వాటంతట అవే వెళ్ళాయి, ఆ సాయంత్రం పంచె మీద సీతాలు చూసింది ఇదే, గళ్ళన్నీ తెలిసిన పిల్ల, అయిదో ఖాళీ దాకా చూసి ఇంగ్లీషు రాని మా అయ్యకి జవాబులు ఎలా వచ్చాయని అనుకుని ఉంటుంది, ఎక్కణ్ణించి వచ్చాయో తెలుసుకుని ఉంటుంది, అందుకే పుస్తకం మూసింది, అందుకే అరుగు మీదికి వెళ్ళిపోయింది, అయినా కాగితంలో ఆ పాఠమే ఎదురొచ్చింది, తనకు వచ్చినవి ఏవో నా వేళ్ళలోంచి వచ్చినవి ఏవో విడదీసుకోలేక పన్నెండూ వదిలేసి ఉంటుంది, పదహారేళ్ళ పిల్ల, తన తల మీద పెట్టిన నా చెయ్యి అబద్ధం కాకూడదని, నేను ఒట్టు నిలబెట్టలేదు, నా వేళ్ళు ఆ సాయంత్రమే తప్పాయి, నిలబెట్టింది తను, పిల్లలు చెప్పులు వేసుకుంటున్నారు, ఎల్లొస్తాం మేడమ్, తెర తీసుకుని సీతాలు గంజి గ్లాసుతో వచ్చి మంచం పక్కన కూర్చుంది, ఏటయ్యా, ఏటో సెప్తానన్నావు, నేను దాచిపెట్టుకున్న మాట వెతికాను, నా మూలానే నువ్వు తప్పావు, అది తనకు నాకంటే ముందే తెలుసు, ఆ మాటతో పని లేదు, మరొకటి ఉంది, నేను ఇన్నేళ్ళూ లెక్కలోకే తీసుకోనిది, పరీక్ష తప్పిందని తెలిసిన రోజున దేముడమ్మ ఏడుస్తూ ఉంటే, గుమ్మం పట్టుకుని నిలబడ్డ సీతాలుకేసి తిరిగి నేను ఒక్క మాట అన్నాను, దీపాలెట్టే ఏలకే పుస్తకం మూసీసినోలికి సదువెక్కడొస్తాది అని, తను నాకేసి చూసి తల వంచుకుంది, ఒట్టుకి వంచినట్టే, ఇప్పుడు గంజి గ్లాసు పట్టుకుని అలాగే చూస్తోంది, మాట్లాడని మనిషినని ఊరంతా అన్నారు, నేనూ అదే అనుకున్నాను, మాట్లాడకపోవడమే నా తప్పనుకున్నాను, కాదు, నేను మాట్లాడాను, ఆ ఒక్కసారీ మాట్లాడాను.