మామగారి మోకాలు

పాత లారీ తలుపు లోపలి అట్టకు పన్నెండు క్లిప్పులు. పదకొండు పట్టాయి. పన్నెండోది మాత్రం పట్టు పట్టింది. అల్లుడు నొక్కాడు, గుద్దాడు, బతిమాలాడు. లోపలికి వెళ్లినట్టే వెళ్లి టప్పున బయటికొచ్చేస్తోంది. కన్నం బాగానే ఉంది, క్లిప్పు కొత్తదే. మరి ఎందుకు? పొద్దుట్నుంచీ ఆ తలుపు తప్ప వేరే తలపు లేదతనికి.

ముప్పై ఏళ్లు ఆ లారీ నడిపిన మామగారు ముందే తేల్చేశారు: "సాయంత్రం వచ్చి కూర్చుంటా. తలుపు లొడలొడమందా, బండి పాత ఇనుముకే!" అల్లుడి పెళ్లికీ, మెకానిక్ షెడ్డుకీ, చివరికి మీసానికీ మోకాలడ్డిన మనిషాయన.

అన్నట్టే వచ్చారు. డ్రైవరు సీట్లో కూర్చుని తలుపు లాక్కున్నారు. వెంటనే ఆయన కుడి మోకాలు, ఆయన్ని అడక్కుండానే, పాత అలవాటు కొద్దీ తలుపు మూలను ఒక్క పోటు పొడిచింది.

టక్! క్లిప్పు కూర్చుంది.

"ఏం చేశారు మామయ్యా?"

"నేనేం చేశానయ్యా?" అంటూ ఆయన తన మోకాలివైపే వింతగా చూసుకున్నారు.

అల్లుడు క్లిప్పును మళ్లీ ఊడదీసి, అట్ట సందులోంచి తొంగిచూశాడు. తలుపు తెరిస్తే రేకు బరువుకి వంగి కన్నం పక్కకి జరుగుతోంది. మూస్తే సరిగ్గా క్లిప్పుకి ఎదురుగా వస్తోంది.

"తెరిచి నొక్కడమే నా తప్పు! ఇన్నాళ్లకి సరైన చోట మోకాలడ్డారు మామయ్యా. ఏదీ, ఇంకోసారి!"

టక్! మామగారు తలుపును ఊపి చెవి ఒగ్గారు. చప్పుడు లేదు.

"పాత ఇనుమువాణ్ణి రావద్దను. అటు తలుపుకి ఎడమ మోకాలు కావాలేమో, పద, చూద్దాం."