దీవెనమ్మ హస్తవాసి

గవరపాలెంలో రెండిళ్లు అయిపోయాయి. పరగడుపు రక్తం ఇంకొకరిది తీసేస్తే దీవెనమ్మ టీ నీళ్లు గొంతులో పోసుకోవచ్చు. బుట్టలో సీసాలు గలగలమంటుంటే సందులో గోడవారగా నడుస్తూ కుడి చూపుడువేలిని గిల్లి చూసుకుంది. ఏమీ తెలియలేదు. నాలుగు నెలలుగా అదే వరస. వేలుంది, గోరుంది, స్పర్శ లేదు. ఊరందరి షుగరూ తేల్చే మనిషికి తన షుగరు సంగతి పట్టలేదు మరి!

యాభై ఎనిమిదేళ్ల బక్కపలచని మనిషి. తెల్లచీర మీద ల్యాబువాళ్లిచ్చిన నీలం కోటు. పెనిమిటి పోయి ఇరవయ్యేళ్లు, పిల్లల్లేరు. ఆసుపత్రిలో ఆయాగా చేరి, నర్సమ్మల దగ్గర సూది పట్టడం నేర్చుకుంది. అందరూ నరాన్ని కళ్లతో వెతుకుతారు. ఈవిడ కళ్లు మూసుకుంటుంది. మోచేతి మడతలో వేలు ఆనించి, "ప్రభువా" అని పెదవి కదిపితే చాలు, ఎంత లోతున దాక్కున్న నరమైనా దొరికేది. చీమ కుట్టినట్టయినా ఉండేది కాదు.

మొన్నామధ్య ఆదివారం పాస్టరుగారు, దేవుడు మీకిచ్చిన తలాంతు ఏమిటో లేచి చెప్పండి అన్నారు. పాడేవాళ్లు లేచారు, డోలక్ వాయించేవాళ్లు లేచారు. దీవెనమ్మ చాప అంచు గిల్లుకుంటూ కూర్చుంది. సూది గుచ్చడం వచ్చని చెబితే నవ్వరూ! పైగా ఆ ఒక్కటీ చేజారిపోతోందని ఎవరితో చెప్పుకుంటుంది, ఇంట్లో గోడలతోనా? దేవుడితో మాత్రం ఒప్పందం చేసుకుంది. ఎవరినైనా నొప్పించిన రోజున సూది కింద పెట్టేస్తానంది.

మూడో ఇల్లు గంగాధరంగారిది. ఒకప్పుడు బెల్లం మార్కెట్లో ఆయన గొంతు వింటే హమాలీలు బీడీలు ఆర్పేసేవారట. ఇప్పుడు కిడ్నీలు పాడై మంచానికి అతుక్కుపోయాడు. చేతుల నిండా నల్లమచ్చలు. ఇంకెవరు సూది పట్టుకొచ్చినా ఇల్లెగిరిపోయేలా అరుస్తాడు. దీవెనమ్మకైతే చెయ్యి చాపేస్తాడు.

"మా నూకాలమ్మ తల్లే నీ చేతిలో కూకుంది" అంటాడు.

"కాదు బాబుగారూ, మా ప్రెభువు" అంటుందామె.

పదేళ్లుగా ఇదే వాదం. ఎవరూ గెలవలేదు, గెలవాలని ఎవరికీ లేదు.

"రాత్రంతా ఆయాసమే దీవెనమ్మా" అంటూ కోడలు రామతులసి తలుపు తీసి వంటింట్లోకి వెళ్లిపోయింది. దీవెనమ్మ స్టూలు లాక్కుని, ఆయన ఎడమచేతి మడతలో వేలు ఆనించి కళ్లు మూసుకుంది. బల్ల మీద వేలు పెట్టినట్టే ఉంది. నాలుగు నెలలుగా నెట్టుకొస్తున్నట్టే, అలవాటు చెప్పిన చోట గుచ్చింది. రక్తం రాలేదు. సూదిని లోపలే కాస్త తిప్పింది. గంగాధరం కిక్కురుమనలేదు. పళ్లబిగువున పైకప్పు చూస్తున్నాడు. కంటి కొసన నీళ్లు జారాయి.

దీవెనమ్మ ప్రాణం చివుక్కుమంది. సూది తీసేసింది.

"అరవండి బాబూ! తిట్టండి నన్ను!"

"అరవడానికేటుంది? నాకు తెలీలేదు."

"అబద్దమాడకండి. నా ఏలు సచ్చిపోయింది బాబూ. నాలుగు నెల్లయింది. ఎవుల్తోనూ సెప్పలేదు. దొంగలాగ తిరుగుతన్నాను."

ఆయన ఊపిరి కూడదీసుకున్నాడు. ఆమె ఎడమచేతి వేలు పట్టుకుని, తన కుడి మోచేతి మడతలో పెట్టుకున్నాడు.

"పదేళ్లబట్టీ గుచ్చించుకుంటన్నాను, ఆమాత్రం తెలీదేటి? ఇక్కడ. ఇంకాస్త కిందకి. ఆఁ, అదే."

ఆ వేలికీ ఈమధ్యే తిమ్మిరి మొదలైంది. అయినా ఆయన చూపిన చోట ఏదో మెత్తగా పలికింది. దీవెనమ్మ పెదవి కదిలింది. ఈసారి రక్తం హాయిగా వచ్చింది.

"ఇయాల్టితో సూది మానేత్తాను బాబూ. మిమ్మల్ని నొప్పించేసేను."

"మరి నా సంగతేటి?"

ఆ గొంతులో వ్యాపారి లేడు, పసివాడున్నాడు. దీవెనమ్మ తలొంచుకుంది. ఒప్పందం ఒప్పందమే. కానీ ఇంత ఆశగా చాపిన చెయ్యిని కాదంటే ఆ పైవాడు మాత్రం మెచ్చుకుంటాడా?

"మీ ఒక్కరికీ వత్తాను. మీరు సూపించాల, నేను తియ్యాల. మీరున్నన్నాళ్లూ."

"మాట తప్పకు."

కన్నీళ్లు ఆయన కంటబడకుండా బుట్ట అందుకుని గబగబా వచ్చేసింది.

ల్యాబులో కోటు మడతపెట్టి ఇచ్చేసింది. యజమాని త్రినాధరావు "సరేనమ్మా" అని మళ్లీ ఫోనులో పడ్డాడు. పద్దెనిమిదేళ్ల పని, అంతే. టీకొట్టు బల్ల మీద కూర్చుంటే దిగులు కమ్ముకొచ్చింది. అయినా వారం వారం వెళ్లడానికి ఒక గుమ్మం మిగిలిందిలే అనుకుంది. గ్లాసు సగమయ్యేసరికి రామతులసి ఫోను చేసింది.

"మావయ్యగారు ఎళ్లిపోయేరు దీవెనమ్మా. నిద్రపోతన్నారనుకున్నాను."

ఆమె వెళ్లేసరికి కిందకి దింపడానికి చాప పరుస్తున్నారు. ఆయన కుడిచెయ్యి మోచేతి దగ్గర గట్టిగా మడిచే ఉంది.

"పొద్దుట్నించీ విప్పలేదు" అంది రామతులసి. "అడిగితే, దీవెనమ్మ ఇంకా చెప్పలేదే అన్నారు."

రక్తం తీశాక దూది ఉండ పెట్టి చెయ్యి మడిపించి, ఐదు నిమిషాలు కూర్చుని, ఇంక విప్పండి అనడం దీవెనమ్మ పద్ధతి. ఏడుపు దాచుకునే కంగారులో ఇవాళ ఆ మాట మరచిపోయింది.

మంచం పక్కన కూలబడి, ఆ చేతిని రెండు చేతుల్లోకీ తీసుకుంది.

"ఇంక ఇప్పండి బాబూ" అంది, మెల్లగా తనే విప్పుతూ.

నలుగురూ కలిసి ఆయన్ని చాప మీదికి దించారు. ఖాళీ మంచం మీద, నడుమ ఒక్క ఎర్రచుక్క ఎండిపోయిన చిన్న దూది ఉండ మిగిలింది.