పూజలో పెట్టిన రివాల్వర్

నేను ఒక రివాల్వర్‌ని. ఆ మాట వినగానే మీరు కాస్త వెనక్కి జరిగి ఉంటారు. మనుషుల తీరే అంత. నన్ను తయారుచేసేదీ వాళ్ళే, నూనె రాసి ముద్దు చేసేదీ వాళ్ళే, మళ్ళీ నన్ను చూసి జడుసుకునేదీ వాళ్ళే. నేను పాతకాలపు దాన్ని. మీట నొక్కుతూ పోతే పేలుకుంటూ పోయే రకాన్ని కాదు. ప్రతి గుండుకీ ముందు నా వెనకున్న హామర్‌ని బొటనవేలితో లాగి నిలబెట్టాలి. అప్పుడే మీట పనిచేస్తుంది. అంటే కాల్చే ప్రతిసారీ మనిషికి ఒక్క క్షణం ఆలోచించుకునే వీలు ఇస్తాను. ఆ క్షణాన్ని వాడుకున్నవాళ్ళు నాకు పెద్దగా తారసపడలేదు.

పుట్టింది సముద్రాల అవతల. ఏడున్నర అంగుళాల గొట్టం, దాని చివర గురి చూసుకోవడానికి గోరంత మొన. నా అందమంతా ఆ గొట్టంలోనే ఉందని నాకు కొంచెం గర్వంగా కూడా ఉండేది. విశాఖపట్నంలో ఓడ దిగాక మొదట ఒక తెల్లదొర కొన్నాడు. మన్యంలో పులిని కొడతానని బయల్దేరిన ఆ మహానుభావుడు మూడేళ్ళలో ఒక నీళ్ళకుండనీ, తన టోపీనీ మాత్రం కొట్టగలిగాడు. ఆయన దగ్గర్నుంచి ఒక జమీందారు ఇంటికి వెళ్ళాను. ఆయన నన్ను ఫొటోలు తీయించుకునే రోజుల్లో నడుముకి కట్టుకునేవాడు. ఆ ఫొటోలన్నిటిలో కళ్ళు మూసుకోనిది నేనొక్కదాన్నే.

తర్వాత జగ్గునాయుడి చేతికి వచ్చాను. ఆయన శ్రీదుర్గా గ్రాండ్ సర్కస్ యజమాని. లైసెన్సు ఆయన పేరు మీద ఉన్నా, నిజానికి నన్ను పట్టింది గవరమ్మ. చీపురుపల్లి పక్క పల్లెటూరి పిల్ల. సర్కస్ బోర్డు మీద ఆమె పేరు మిస్ గ్లోరియా. ఆ పేరు ఆమెకి సరిగ్గా పలకడం రాదు. కాని ఆ చెయ్యి! నన్ను అంతమంది పట్టుకున్నారు, నా బరువెంతో తెలుసుకుని పట్టుకున్నది ఆమె ఒక్కతే. పదిహేను అడుగుల దూరంలో తిరుగుతున్న చక్రం మీది కొవ్వొత్తుల్ని ఆర్పేది. చివరి ఐటమ్‌లో ఆమె మొగుడు పైడిరాజు కుడిచెయ్యి పైకెత్తి, వేళ్ళ కొసల మీద నిమ్మకాయ పట్టుకుని నిలబడేవాడు. ఆమె కొట్టేది. నిమ్మరసం అతని మొహం మీద చిట్లేది. అతను నాలుక బయటపెట్టి పుల్లగా ఉందన్నట్టు మొహం పెట్టేవాడు. జనం విరగబడి నవ్వేవారు.

పైడిరాజు అసలు ఉద్యోగం నిమ్మకాయ పట్టుకోవడం కాదు. అతను సర్కస్ బ్యాండులో క్లారినెట్ వాయించేవాడు. పొద్దున్నే ఏనుగులకి నీళ్ళు పోసే వేళకి ఒక్కడూ కూర్చుని సాధన చేసేవాడు. గవరమ్మ నన్ను ఒళ్ళో పెట్టుకుని తుడుస్తూ వినేది. మాటల్లో ప్రేమ చెప్పుకునే అలవాటు వాళ్ళకి లేదు. ఆ వాయించడం, ఆ వినడమే వాళ్ళ కాపురం. మధ్యలో నేను.

ఆ రోజుల్లో కౌబాయ్ సినిమాల పిచ్చి ఊళ్ళన్నిటినీ పట్టుకుంది. నడుముకున్న ఒరలోంచి రివాల్వర్ చటుక్కున దూసి కాల్చడం చూసిన జనానికి, గవరమ్మ నిదానంగా నన్ను ఎత్తి గురిచూడటం చప్పగా తోచింది. నాయుడు ఆమెకి తోలు ఒర కుట్టించాడు, టోపీ పెట్టించాడు. రాజాంలో మొదటిరోజే నా పొడుగాటి గొట్టం ఒర అంచుకి తట్టుకుంది. గవరమ్మ రెండుసార్లు లాగింది, నేను రాలేదు. కుర్చీ క్లాసు వాళ్ళు ఈలలు వేశారు.

రాజాం మకాం ఎత్తగానే నాయుడు నన్ను విజయనగరంలో కరీముల్లా సాయిబు దుకాణానికి తీసుకెళ్ళాడు. సాయిబు తుపాకుల మరమ్మతులో పండిపోయిన మనిషి. గొట్టం మూడంగుళాలు కోయాలంటే ఆయన వెంటనే ఒప్పుకోలేదు. నన్ను తిప్పి తిప్పి చూసి, మంచి సామాను పాడుచేసుకుంటున్నారని గొణిగి, చివరికి రంపం అందుకున్నాడు. ఆ కోత గురించి నేను ఎక్కువ చెప్పలేను. కోసిన ముక్క బల్ల మీంచి దొర్లి కింద పడింది. ఎవరూ వంగి తీయలేదు.

కొత్త అంచుని సాయిబు నునుపు చేసి, దాని మీద కొత్త మొన అతికించాడు. దాన్ని కావాలనే ఎత్తుగా ఉంచాడు. మొన ఎత్తుగా ఉంటే గుండు కిందకి తగులుతుంది. నాలుగు గుళ్ళు కాల్చి, ఎంత కిందకి పోతోందో చూసుకుని, ఆకురాయితో కొంచెం కొంచెం అరగదీసి గురి సరిచేయడం ఆయన పద్ధతి. ముందే ఎక్కువ అరగదీస్తే మళ్ళీ పెంచలేరు కదా.

"రేపు పొద్దున రాతిక్వారీ కాడికి పోయి కాల్చి చూద్దాం నాయుడుగారూ. అరగంట పని. అప్పుడిస్తా" అన్నాడు సాయిబు.

"రేపేటి సాయిబూ! ఇయ్యాల నవమి. ఆయుధపూజ. బస్సుకి టైమైపోతన్నాది" అన్నాడు నాయుడు, నన్ను గుడ్డలో చుట్టేస్తూ.

"చూడకుండా మనిషి ముందర కాల్చకండి. కిందకి కొడతాది. ఎంత కిందకో నాక్కూడా తెలియదు."

నాయుడు తల ఊపాడు. తల ఊపడం ఆయనకి బాగా వచ్చిన విద్య.

సర్కస్ అప్పుడు బొబ్బిలిలో ఉంది. మేం చేరేసరికి డేరాలో అమ్మవారి పటం ముందు అంతా సిద్ధంగా ఉంది. కత్తులు, ఊయల కొక్కేలు, సింహాల బోను తాళాలు, పైడిరాజు క్లారినెట్, వంటవాడి గరిటె. నాకూ పసుపు కుంకుమ పెట్టి వాటి పక్కన పడుకోబెట్టారు. ఆ సర్కస్‌లో కట్టుబాటు ఏమిటంటే, నవమినాడు పూజలో పెట్టిన పనిముట్టుని దశమినాటి మొదటి ఆటదాకా ఎవరూ ముట్టుకోకూడదు. నా విషయంలో ఇంకొకటి కూడా ఉంది. ఏటా పూజ తర్వాత నేను పేల్చే మొదటి గుండు, కొవ్వొత్తుల కంటే ముందే, అమ్మవారి ముందు పెట్టిన నిమ్మకాయకే తగలాలి. అది పైడిరాజు చేతిలోనే ఉండాలి. పదకొండేళ్ళుగా అలాగే జరిగింది. ఒక యేడు పూజ సరిగ్గా చేయకపోతే డేరా అంటుకుందని నాయుడు అందరికీ చెబుతుండేవాడు.

దశమి మధ్యాహ్నం గవరమ్మ నాయుడి దగ్గరికి వచ్చింది.

"బాబూ, ఒక్క గుండు. ఇటిక మీద కొట్టి సూసుకుంటాను. గొట్టం కోసీసినారు, అది ఎటు కొడతాదో నాకెలగ తెలుస్తాది?"

"పూజలో ఎట్టినదాన్ని మజ్జిలో ముట్టుకుంటావేటి? తప్పమ్మా. కొంచిం కిందకి కొడతాదన్నాడు సాయిబు. నువ్వు కొంచిం పైకి సూసుకో. నీకు నాను సెప్పాలేటి?"

ఆమె మొగుడి దగ్గరికి వెళ్ళింది. అతను బ్యాండు కోటు బొత్తాలు పెట్టుకుంటున్నాడు.

"మావా, ఈ పూట నిమ్మకాయి కర్ర మీద ఎడదాం. నాకెందుకో బయమేస్తంది."

పైడిరాజు నవ్వాడు. "పదకొండేళ్ళకి ఇయ్యాల బయమేసిందేటే? నువ్వు కొడతావు. గొట్టం పొట్టిదైతే నీ సెయ్యి పొట్టిదయిపోద్దా?"

నాకు తెలుసు. ఆ డేరాలో నాకు ఒక్కదానికే తెలుసు, గుండు ఎక్కడికి పోతుందో. అంత తెలిసి అంత నోరులేని బతుకు పగవాళ్ళకి కూడా వద్దు.

మూడు గంటల ఆట. ఆమె నన్ను ఒరలోంచి దూసింది. ఈసారి చటుక్కున వచ్చాను. జనం చప్పట్లు కొట్టారు. పైడిరాజు చెయ్యెత్తి నిలబడ్డాడు, కళ్ళు కూడా ఆర్పకుండా, పెళ్ళాం వైపే చూస్తూ. గవరమ్మ హామర్ లాగింది. నిమ్మకాయకి బొటనవేలంత పైకి గురిపెట్టింది. ఆమె లెక్క తెలివైనదే. కాని నేను ఆమె అనుకున్నదానికంటే ఎక్కువ కిందకి కొట్టాను.

నిమ్మకాయ చెక్కుచెదరకుండా ఇసకలో పడింది. దాని పక్కన అతని వేళ్ళు రెండు.

జనం అదీ ఆటలో భాగమే అనుకుని నవ్వారు. గవరమ్మ కేక విన్నాకే ఆగారు.

ఆస్పత్రినుంచి అతను ఇరవై రోజులకి వచ్చాడు. కుడిచేతికి చూపుడువేలు లేదు, నడిమివేలు లేదు. బ్యాండు మాస్టరు మంచివాడు, అతనికి పెద్ద డోలు ఇచ్చాడు. పైడిరాజు ఎవర్నీ ఒక్క మాట అనలేదు. పొద్దున్నే ఏనుగులకి నీళ్ళు పోసే వేళకి మాత్రం ఎక్కడికో నడిచి వెళ్ళిపోయేవాడు. గవరమ్మ ఒక్కతే కూర్చునేది.

నాయుడు నన్ను మళ్ళీ విజయనగరం తీసుకెళ్ళాడు. సాయిబు సంగతి విని దుకాణం మూసేశాడు. తర్వాత క్వారీ దగ్గర నాలుగు గుళ్ళు కాల్చాడు, మొన అరగదీశాడు, మళ్ళీ కాల్చాడు. గీసిన గీత మీద గుండు పడింది. నిజంగానే అరగంట పని.

మార్గశిరంలో ఒక పొద్దున పైడిరాజు నన్నూ గవరమ్మనీ ఖాళీ రింగులోకి పిలిచాడు. ఎదురుగా వెళ్ళి ఎడమచెయ్యి పైకెత్తాడు. వేళ్ళ కొసల మీద నిమ్మకాయ.

"కొట్టు" అన్నాడు.

"నా వల్ల కాదు మావా."

"నువ్వు ఇది మానేస్తే ఆ వేళ్ళు ఊరికినే పోయినట్టే. నాకు నీ మీద నమ్మకం పోలేదే. కొట్టు."

ఆమె నన్ను ఎత్తింది. బొటనవేలు హామర్ మీద పెట్టింది. లాగలేదు. అతను చెయ్యి దించలేదు. ఎంతసేపు అలా ఉన్నామో తెలియదు.

చివరికి ఆమె నన్ను ఇసకలో వదిలేసి, అతని దగ్గరికి నడిచి వెళ్ళి ఆ చెయ్యి తనే కిందకి దించింది. రెండో చేతిని, ఆ వేళ్ళు లేని చేతిని, తన మొహానికి అదుముకుంది.

"ఆ రోజు నువ్వు కూడా కొంచిం బయపడుంటే బాగున్ను మావా" అంది. "వద్దే అని ఒక్క మాట అనుంటే నాను కొట్టకపోదును."

అతను ఏడవడం నేను చూసింది ఆ ఒక్కసారే.

వారం తిరక్కుండా నాయుడు నన్ను పోలీసు స్టేషన్‌లో అప్పగించడానికి వెళ్ళాడు. గవరమ్మ కూడా వచ్చింది. రైటరు నన్ను అటూ ఇటూ తిప్పి చూశాడు. నా నంబరు రాసుకున్నాడు. గొట్టం కోసి ఉండటం చూసి కనుబొమలు ముడిచి, సామానులో లోపమేదైనా ఉంటే చెప్పమన్నాడు.

నాయుడు నేల చూపులు చూశాడు.

"నేదు బాబూ" అంది గవరమ్మ. "ఇప్పుడేటీ నేదు."