తగలని కారం

బట్టలు కుట్టే చోట మధ్యాహ్నం భోజనానికి వదిలేది నలభై నిమిషాలు. రానుపోను ఇరవై అందులోనే పోతాయి. అందుకే ఆ దర్జీ ఆవిడ ఆ వేళప్పుడు పొయ్యి జోలికి వెళ్లదు. పొద్దున ఉడికించి ఉంచిన చికెన్‌ని వేళ్లతో పీచులుగా చీల్చి, ఉల్లిపాయా కీరా సన్నగా తరిగి, నాలుగు పచ్చిమిర్చి తుంచి, కారం, ఉప్పు, నిమ్మరసం వేసి చేత్తో కలిపేస్తుంది. లిఫ్టులు బాగుచేసే ఆమె భర్త కూడా ఆ టైముకే ఇల్లు చేరతాడు. ఐదు నిమిషాల్లో సలాడ్ సిద్ధం, ఇంకో ఐదు నిమిషాల్లో గిన్నె ఖాళీ.

ఆవిడ కలిపిన కారం, ప్రాణం మీదికి రాబోతున్న వాళ్ల నాలుకకి తగలదు. మూడేళ్ల కిందట మామగారు చప్పగా ఉందమ్మా అంటూనే మళ్లీ వడ్డించుకున్నారు. సాయంత్రానికి ఆయన లేరు. అప్పట్నుంచి పై వాటా బస్సు డ్రైవరు దూరప్రయాణానికి ముందు తలుపు తట్టి ఒక చెంచా తిని, ముక్కు ఎగబీల్చుకుంటూ, కళ్లు తుడుచుకుంటూ నిశ్చింతగా వెళ్తుంటాడు.

ఆ రోజు భర్త రెండు ముక్కలు నమిలి, "కారం వేయడం మర్చిపోయావా?" అన్నాడు.

ఆవిడ అతని పళ్లెంలోంచే ఒక ముక్క నోట్లో వేసుకుంది. నాలుక భగ్గుమంది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

ఆ మధ్యాహ్నం అతను తొమ్మిదంతస్తుల భవనంలో లిఫ్టు మీదికెక్కి పనిచేయాలి. వెంటనే సూపర్‌వైజరుకి ఫోన్ చేశాడు. సంగతి వినగానే ఆయన మారుమాట్లాడకుండా, ఆ లిఫ్టుకి తాళం వేయిస్తాను, ఎవర్నీ దగ్గరికి రానివ్వనన్నాడు. ఆవిడ కాస్త ఊపిరి పీల్చుకుని ఇంకో ముక్క పెట్టింది. అతను నమిలి, తల అడ్డంగా ఊపాడు.

అంటే లిఫ్టు కాదు.

ఆవిడ గ్యాస్ కట్టేసింది. కరెంటు ఆపేసింది. ఫ్యాను కింద కూర్చున్నవాణ్ణి చెయ్యి పట్టి పక్కకి లాగింది. ఇంకో ముక్క. చప్పనే. ఇంటి మీదే అనుమానం వచ్చి, గిన్నె చంకన పెట్టుకుని అతన్ని మెట్లు దించి వీధిలోకి తీసుకొచ్చింది. వచ్చేపోయే ప్రతి బండినీ దొంగని చూసినట్టు చూస్తూ మరో ముక్క తినిపించింది.

"ఇంకా తగల్లేదా?"

"లేదు. ఎక్కడికెళ్లినా ఈ చప్పదనం నా వెంటే వస్తోంది," అన్నాడతను.

ఆ మాటతో ఆవిడకి తెలిసిపోయింది. వెతకాల్సింది బయట కాదు, అతని ఒంట్లో. టాక్సీ ఆపి ఆస్పత్రికి పోనిమ్మంది.

డాక్టరమ్మ నొప్పుందా, ఆయాసమా, తల తిరుగుతోందా అని వరసగా అడిగింది. అతను ఏమీ లేవన్నాడు.

"మరెందుకొచ్చారు?"

"ఈయనకి కారం తగలట్లేదండీ," అంది ఆవిడ, గిన్నె చూపిస్తూ.

డాక్టరమ్మ కలం కింద పెట్టి లేచింది. చక్రాల కుర్చీ తనే తోసుకొచ్చింది. గంటలో తేలింది, గుండెకి వెళ్లే నాళం ఒకటి దాదాపు మూసుకుపోయింది. వెంటనే లోపలికి తీసుకెళ్లారు. ఆవిడ బయట బల్ల మీద కూర్చుంది. తలుపు కదిలినప్పుడల్లా లేచి నిలబడేది.

మూడో రోజు పొద్దున అతను దిండుకి ఆనుకుని కూర్చోగలిగాడు. ఆవిడ ఇంటి దగ్గర కొత్తగా కలిపి తెచ్చిన దాంట్లోంచి, డాక్టరమ్మ ఒప్పుకున్న మేరకు, గోరంత ముక్క తీసి అతని నాలుక మీద పెట్టింది. అతను నమిలాడు. మళ్లీ నమిలాడు. ఆవిడ వంగి అతని మొహంలోకి చూసింది.

మెల్లగా అతని చెవులు ఎర్రబడ్డాయి.

"నీళ్లు," అన్నాడు.

గ్లాసు ఆవిడ చేతిలోనే ఉంది. వెంటనే ఇవ్వలేదు. అతను నోరు తెరిచి ఉఫ్ ఉఫ్‌మని ఊదుకుంటుంటే, కాసేపు అలాగే చూస్తూ నిలబడింది.