ఎడమ గాలి, కుడి కాలు

విమానం ఎక్కాక మా అమ్మాయి నాకు కూతురు కాదట, టీచరట. మేడమ్ అని పిలవాలట. తొమ్మిది నెలలు మోసి కన్నదాన్ని, బెల్టు బిగించుకుని బుద్ధిగా "సరే మేడమ్" అంటున్నాను. నా ఖర్మ!

ఇరవై ఆరేళ్లు సిటీ బస్సు నడిపి రిటైరయ్యాను. ఇంట్లో టీవీకి కాపలా కాయడం నా వల్ల కాక ఈ రెండు సీట్ల బుల్లి విమానం మీద పడ్డాను. ఎగరడం వచ్చేసింది. పక్కగాలిలో దిగడమే ప్రాణం తీస్తోంది. ఇవాళ మూడు అవకాశాలు. మూడోదీ చెడితే ఒంటరిగా ఎగరడానికి సంతకం పెట్టేది లేదని మేడమ్ గారి హుకుం. ఒక్కసారైనా ఒంటరిగా ఎగరాలని నాకెంత ఆశో దానికి తెలుసు. అయినా అంటుంది, రాక్షసి.

గాలి ఎడమ నుంచి కొడుతోంది. ముక్కు గాలివైపు పెట్టి, పీతలా వాలుగా రన్‌వే మీదికి రావాలి. నేల తాకేముందు కుడికాలితో పెడల్ తొక్కి ముక్కు తిన్నగా చెయ్యాలి, చేతిలో హ్యాండిల్ ఎడమకు తిప్పి ఆ రెక్క కాస్త దించాలి. దిగాక కూడా హ్యాండిల్ ఎడమకే ఉండాలి. ముక్కు ఎటు తిరిగినా కాళ్లతోనే సరిచెయ్యాలి. చెప్పుకోవడానికి ఎంత సుఖంగా ఉందో!

మొదటిసారి చక్రాలు తాకాయి. ముక్కు ఎడమకు లాగింది. నా బస్సు చేతులు ఊరుకుంటాయా? హ్యాండిల్‌ను కుడికి తిప్పేశాయి. ఎడమ రెక్క పైకి లేచింది.

"అమ్మా, అది స్టీరింగ్ కాదు! కాళ్లు, కాళ్లు!"

"అమ్మా అన్నావేం మేడమ్?"

"నోర్ముయ్!"

రెండోసారీ అదే తంతు. ఈసారి తనే హ్యాండిల్ లాక్కుని విమానాన్ని నిలబెట్టింది. నాకు ఒళ్లు మండిపోయింది.

"ఈ చేతులు నరుక్కుని రమ్మంటావా?"

"అక్కర్లేదు. ఎడమకు తిప్పి వాటిని అక్కడే మర్చిపో."

మూడోసారి నిజంగానే మర్చిపోయాను. ముక్కు ఎడమకు లాగింది, చేతులు జిలపెట్టాయి, నేను కుడికాలు మాత్రం తొక్కాను. బుల్లి విమానం బుద్ధిగా గీత మీదే పోయి ఆగింది.

"నీ వైపు పెడల్ నువ్వూ తొక్కావు కదూ? నిజం చెప్పు," అన్నాను.

"నా కాళ్లు చూడు."

రెండు కాళ్లూ వెనక్కి లాక్కుని సీటు కిందికి ముడుచుకుంది. చేతులతో సీటు అంచు పట్టుకుని ఉంది. వేళ్లు తెల్లబడ్డాయి.

"భయమేసిందా?"

"చచ్చేంత."

నా శిక్షణ పుస్తకంలో సంతకం పెట్టింది. అది పిచ్చిగీతలా వచ్చింది. వెక్కిరించకుండా పుస్తకం మూసి ఒళ్లో పెట్టుకున్నాను. ఇన్నేళ్లూ నేనే దీన్ని పట్టుకుని నడిపించాననుకున్నాను. ఇది నన్ను వదిలిపెట్టడానికి ఎంత బిగపట్టుకుందో ఇప్పుడు చూశాను.

అది దిగి, తలుపు వేసి, కిటికీలోంచి అంది: "గాలి తగ్గేదాకా ఆగుతావా?"

"ఆగను. నువ్వు పోయి ఆ గడ్డిలో కూర్చుని కళ్లు మూసుకో."

ఇంజిన్ జోరు పెంచి కదిలాను. అది కూర్చోలేదు, కళ్లూ మూసుకోలేదు.