ఏ రంగు ఆవు?

పొద్దున్నే పాలు పితకడం అయ్యాక కెంబబాజి పాలు చెడకుండా కర్ర చెంబులకు గడ్డి పొగ పట్టిస్తుంది. ఆమె మొగుడు కతురము పాల క్యాన్లను దొడ్డి వాకిలి దాకా మోసుకొస్తాడు. ముహ్వేజి బైకు మీద వచ్చి, క్యాన్లు రెండు పక్కలా కట్టుకుని, ఎండ ముదరకముందే పాలకేంద్రానికి పట్టుకుపోతాడు. ఏళ్ళ తరబడి ఆ ఇంట్లో పొద్దు ఇలాగే మొదలవుతోంది. ఇప్పుడు మధ్యలో ఇంకో పని వచ్చి చేరింది. గుండె ఆపరేషన్ చేయించుకుని పిల్ల కంపాలా నుంచి తిరిగొచ్చిన దగ్గర్నుంచి, ఆవులు దాన్ని చూడందే మేతకు కదలడం లేదు.

నాలుగేళ్ళ కెబిరుంగిని దుప్పటిలో చుట్టి కతురము దొడ్డి దగ్గరికి ఎత్తుకెళ్తాడు. బారెడు కొమ్ముల ఆవులు ఒక్కొక్కటే వచ్చి, పిల్ల గుండె మీద వెచ్చగా ఊపిరి వదిలి, తల తిప్పుకుని గుట్టెక్కుతాయి. మొత్తం ముప్పై ఏడు. అన్నీ అయ్యేసరికి అరగంట పడుతుంది.

"మీ పలకరింపులు కాస్త తొందరగా కానివ్వండి సామీ," అని బైకు మీద కూర్చునే గొణుగుతాడు ముహ్వేజి. "పాలు విరిగితే తిట్లు తినేది నేను."

అంతకు మించి ఎవరూ ఏమీ అనలేదు. ఆవులన్నాక వాటి పద్ధతులు వాటికుంటాయి. ఇంట్లోవాళ్ళ తికమకంతా వేరే.

పిల్లకు పుట్టుకతోనే గుండెలో చిల్లు. నాలుగడుగులు వేస్తే చాలు, పెదాలు నీలం తిరిగేవి. కంపాలా డాక్టరు ఆవు గుండె చుట్టూ ఉండే పొరను శుద్ధి చేసిన ముక్కతో ఆ చిల్లుకు మాసిక వేశాడు. ఆ మాట చెప్పగానే కతురము కళ్ళు తుడుచుకుని నవ్వేశాడు. "ఆవుదేగా డాక్టరుగారూ! పరాయిది కాదుగా!" అందరూ కుదుటపడ్డారు, అతని తల్లి కొబుషేషె తప్ప. ఆవిడ కర్ర ఊతంగా లేచి నిలబడి ఒక్కటే అడిగింది.

"ఏ రంగు ఆవు నాయనా?"

డాక్టరుకు అర్థం కాలేదు. "అది ప్యాకెట్లో వస్తుందమ్మా. ఎక్కడో విదేశాల్లో తయారుచేస్తారు."

"ప్యాకెట్టు సంగతి నాకెందుకు? ఆవు రంగు చెప్పు."

"అది... ఎవరికీ తెలీదమ్మా."

"ఇంత చదువు చదివావు, రంగైనా అడక్కుండా పిల్ల గుండెలో పెట్టేశావా!"

ముసలావిడ బాధ ముసలావిడది. వాళ్ళ వంశంలో చారల ఆవును ముట్టరు. దాని పాలు తాగరు, మాంసం తినరు, అది ఉన్న దొడ్డిలో కాలు పెట్టరు. కోడళ్ళై వచ్చినవాళ్ళకూ అదే కట్టు. మరి లోపలున్న మాసిక చారల ఆవుదే అయితే? దాని మీద ఇంకో ఆవు పాలు పడితే ఏమవుతుంది? ఆవిడకూ తెలీదు. తెలీదు కనకనే భయం. ఇంటికొచ్చిన రోజే తేల్చి చెప్పేసింది. "రంగు సంగతి తెలిసేదాకా పిల్లకు పాలు వద్దు."

పాల మీదే బతికే ఇంట్లో పాలు మానేసిన పిల్ల ఇంకేం తింటుంది? రాగిజావ నాలుగు గుక్కలు, అరటికాయ ముద్ద రెండు వేళ్ళంత. ఎనిమిది వారాలయ్యాక ఊళ్ళో ఆసుపత్రికి తీసుకెళ్తే నర్సు బరువు చూసి ముఖం చిట్లించింది.

"కిలోన్నర తగ్గింది. నడిపిస్తున్నారా?"

కెంబబాజి నేల చూపులు చూసింది. కంపాలాలో ఒక నర్సు పరిగెత్తనివ్వొద్దంది. ఇంకో నర్సు ఫోన్ చేసి బాగా తిరగనివ్వమంది. అత్త మంచం దిగనివ్వొద్దంటుంది. మొగుడు కూతురి కాలు నేల తాకనివ్వడు. ఆరు వారాలు జాగ్రత్తగా ఉండమన్న కాగితం గడువు దాటినా ఇంకా గోడకే వేలాడుతోంది. ఎవరి మాట వినాలో ఆమెకు పాలుపోలేదు.

"గుండె బాగుంది. ఒంట్లోనే ఏమీ లేదు," అంది నర్సు. "రెండు వారాల్లో బరువు పెరక్కపోతే మళ్ళీ కంపాలా పంపేస్తాను. ఇలాగే వదిలేస్తే పిల్ల మీకు దక్కదు."

మర్నాడు పొద్దున అత్త అటు తిరిగి ఉండగా కెంబబాజి చిన్న చెంబుతో పాలు దాచి తెచ్చి పిల్ల నోటి దగ్గర పెట్టింది. పిల్ల పెదాలు బిగించింది.

"తాగవే తల్లీ."

"ఊహూ. నేను చారలేమో. అవ్వ చెప్పింది."

"చారలేంటే, నల్లగా నిగనిగలాడుతూంటే!"

"పైన కాదు, లోపల." గుండె మీది మచ్చను వేలితో చూపించింది. "అమ్మా, నేను ఆవునా?"

కాదందామంటే ఇందాకే ముప్పై ఏడు ఆవులు దాన్ని పలకరించి వెళ్ళాయి. అవునందామంటే తొమ్మిది నెలలు మోసింది తను. "నువ్వు నా బిడ్డవి," అంది చివరికి. పిల్ల నోరు తెరవలేదు. ఆవు చేలో మేస్తే దూడ గట్టున మేస్తుందా? అవ్వ మొండితనం మనవరాలికీ వచ్చింది.

ఆ మధ్యాహ్నం కెంబబాజి అత్త ముందు చతికిలబడి ఏడ్చేసింది.

"రంగు డాక్టరుకు తెలీదత్తమ్మా. ఆవులనే అడుగుదాం. మన ఆవులు చూసి వెళ్ళిపోతున్నాయే గానీ ఒక్కటీ నాదనడం లేదు. ఎదుటి గుట్ట మీద రుబరెమా దగ్గర చారల ఆవుంది. ఒక్కసారి మన వాకిలి ముందు నిలబెట్టమందాం. కాదంటే పీడ పోతుంది."

"ఔనంటే?"

కెంబబాజి కళ్ళు తుడుచుకుని గుట్ట దారి పట్టింది.

మర్నాడు రుబరెమా ఆవును తాడు కట్టి తీసుకొచ్చి కంచె బయట, దారి మీద నిలబెట్టాడు. ముసలావిడ అటు చూడకూడదని ముఖం తిప్పుకుంది గానీ ఓరకంట చూస్తూనే ఉంది. కతురము పిల్లనెత్తుకుని కంచె దగ్గరికి వచ్చాడు. ఆవు నెమరు వేస్తూ చాలాసేపు ఊరికే నిలబడింది. కతురము ఊపిరి పీల్చుకుని "కాదు," అన్నాడు.

అప్పుడు ఆవు నెమరు ఆపింది. సాయంత్రం ఇంటికొచ్చిన ఆవు కట్టేసిన దూడను పిలిచినట్టు లోగొంతుతో అంబా అంది. పొదుగులోంచి పాలు నాలుగు ధారలుగా దుమ్ములోకి కారాయి.

"ఇందాకే పిండుకున్నానే దీన్ని," అన్నాడు రుబరెమా. "చుక్క కూడా మిగల్చలేదే!"

కతురము పిల్లను గట్టిగా గుండెకు హత్తుకున్నాడు. కోరి అడిగి మరీ తెచ్చుకున్నానే అని కెంబబాజి నెత్తి కొట్టుకుంది. పాలు మాత్రం కారుతూనే ఉన్నాయి. ఆ ధార చూస్తూంటే ఆమెకు ఎక్కళ్ళేని కోపం వచ్చింది.

"అసలు ఆ పాలు మనమెందుకు తాగమత్తమ్మా?"

"తాగం. అంతే."

"ఎందుకని?"

ఇన్నేళ్ళలో ఆవిడను ఆ మాట అడిగినవాళ్ళు లేరు. ఎక్కడో విన్నదాన్ని తవ్వుకుంటూ మెల్లగా చెప్పింది. "మన మూలపురుషుడు పసికందుగా ఉండగా తల్లి పోయిందట. చారల ఆవు తన పాలన్నీ వాడికే ఇచ్చిందట. పాల్లేక దాని దూడ చచ్చిపోయింది. అందుకని ఒట్టు పెట్టుకున్నారు. ఇక ఆ పాలు దూడవే, మనం ముట్టకూడదని..."

ఆవిడ నేల మీద పాలకేసి చూసింది, మనవరాలి గుండెకేసి చూసింది.

"దూడవే," అంది మళ్ళీ, తనలో తను. "దాన్ని దింపరా."

"అమ్మా?"

"కిందకి దింపమంటున్నా. ఆ పాలు మన గడప దాటి రాకూడదు. మనం ఆ దొడ్డిలో కాలు పెట్టకూడదు. పాలు దానివి, అదే వెళ్ళి తాగుతుంది."

"గుట్టెక్కా! నడిచా!"

"కాళ్ళున్న దూడను ఎవడ్రా చంకనేసుకెళ్ళేది?"

మొదటి రోజు పిల్ల పది అడుగులకోసారి కూర్చుంది. అది కూర్చున్నప్పుడల్లా వెనకాల తల్లీ తండ్రీ అవ్వా కూర్చున్నారు, ముందు ఆవు ఆగింది. గుట్ట మీద కంచె దగ్గర పెద్దవాళ్ళు ఆగిపోయారు. లోపల రుబరెమా పెళ్ళాం పాలు పిండి, కాచి, చల్లార్చి కప్పుతో అందించింది. పిల్ల గటగటా తాగి కప్పు మళ్ళీ చాపింది. కతురము కంచె గుంజ పట్టుకుని బాహాటంగానే ఏడ్చాడు.

రెండు వారాలకు నర్సు తూకం రెండుసార్లు చూసింది. కిలోకు పైగా పెరిగింది. "ఏం పెట్టారు?" అనడిగింది. కెంబబాజి ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలో తెలియక "పాలు" అంది. నర్సు పాలు అనే రాసుకుంది.

ఆసుపత్రి నుంచి వస్తూ గుట్ట కింద దారి దగ్గరకు రాగానే కెబిరుంగి తల్లి చెయ్యి వదిలేసి ఎక్కడం మొదలుపెట్టింది. ఎక్కడా కూర్చోలేదు. కెంబబాజి ఆయాసపడుతూ వెనకాల వెళ్ళింది. సంబరంలో కంచె సంగతి మరిచిపోయి ఒక కాలు లోపలికి వేయబోయింది.

"అమ్మా, నువ్వు రాకూడదు," అంది పిల్ల. తిట్టినట్టు కాదు, మామూలుగానే. "నేనొక్కదాన్నే."

కెంబబాజి కాలు వెనక్కి తీసుకుంది. సంతోషించాలో ఏడవాలో ఆమెకు బోధపడలేదు. పిల్ల వెనక్కి చూడకుండా ఆవు దగ్గరికి నడిచింది. ఎత్తుకోమని కూతురు అడగడం మానేసి ఎన్నాళ్ళైందో గుర్తు తెచ్చుకోబోయి, ఎంతకీ గుర్తు రాక, కెంబబాజి కంచె బయటే నిలబడింది.